ఎక్కిళ్ళ చీటీ

అమ్మాయిల విశ్రాంతి గది, కాలేజీ
జూలై 9

అక్కకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతున్నావేమో. నిన్న నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి నీ కుట్టుమిషన్ చప్పుడులో నా మాట వినపడలేదు. రెండోసారి "గట్టిగా చెప్పవే" అన్నావు. నేను గట్టిగానే చెప్పాను, అది నీకు తెలియలేదు. మూడోసారి "అవతల ఎవరూ లేరు" అని పెట్టేశావు. నాలుగోసారి నువ్వే అడిగి, నువ్వే జవాబు చెప్పుకుని, "సరే అయితే, ఉంటానే" అన్నావు. ఇక లాభం లేదని కలం పట్టాను. కాగితం మీదైతే నా మాటకు నీ మాట అడ్డం రాదు.

విషయం మన మిరపకాయ గురించి. ఆ పేరు పెట్టింది నువ్వే కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. నా కూతురు ఈ ఏడు విద్యార్థి సంఘానికి కార్యదర్శి అయింది. పోయిన సంవత్సరం మా కాలేజీలో పరీక్ష వాయిదా పడిందని ఎవరో పుట్టించిన మాట ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి పాకి, నలభై మంది పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. పరీక్ష మాత్రం అనుకున్న రోజే జరిగింది. ఆ నలభై మందిలో దీని ప్రాణ స్నేహితురాలు ఒకతె. ఆ పిల్లకి ఏడాది పోయింది. అప్పటినుంచి వదంతి అన్న మాట వింటే చాలు, ఇది ఒంటికాలి మీద లేస్తుంది.

అందుకని సెప్టెంబరు నెలాఖర్లో "వదంతులపై అవగాహన వారం" జరపాలని పట్టుబట్టింది. "నమ్మేముందు ఆగు, పంపేముందు అడుగు" అని నినాదం కూడా అదే రాసింది. బాగుంది కదా?

ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు కానీ ఒక మెలిక పెట్టారు. మొదటిరోజు సభకి పెద్ద హాలు సగమైనా నిండాలట. నిండకపోతే ఈ సంఘాన్నీ ఈ వారాలనీ ఎత్తేస్తారట. నిండితే, మిరపకాయకి టీచర్ ట్రైనింగులో సీటు కోసం సిఫారసు ఉత్తరం తన చేత్తో రాసిస్తానన్నారు. "ఖాళీ కుర్చీలకి ఉపన్యాసాలు చెప్పి చెప్పి నా గొంతు పోయిందమ్మా" అన్నారట. ఆయన బాధ ఆయనది. పోయినేడు నీటి పొదుపు వారం సభకి నలుగురు వచ్చారు. ఇద్దరు ఫ్యాను కింద కూర్చోడానికి, ఒకాయన మైకు పెట్టడానికి. నాలుగోదాన్ని నేను.

ఇది అట్టల మీద బొమ్మలు వేసి పోస్టర్లు కట్టింది. ఒకటి ఆఫీసు బల్ల కోడు కింద కనపడింది. ఇంకొకదానితో గేటు తాత విసురుకుంటున్నాడు. నన్ను కూడా ప్రచారం చెయ్యమంది. నేను చూసుకునే ఈ విశ్రాంతి గదికి వచ్చే ప్రతి అమ్మాయికీ చెప్పాను. "ఏంటి ఆంటీ, వేడినీళ్ళు అయిపోయాయా?" అన్నారు.

దేవుడికి రోజూ చెప్పుకుంటున్నాను. ఆయనకైతే నా మాట వినపడుతుంది. నువ్వు కూడా ఏదైనా ఉపాయం చెప్పు.

నీ చెల్లెలు


కుట్టు కొట్టు
జూలై 17

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. నీతో మాట్లాడి ఇరవై ఏళ్ళయినట్టుంది. ఇన్ని మాటలు నీ కడుపులో ఎక్కడ దాచావే? బావగారు చదివి "ఇది మీ చెల్లెలేనా?" అన్నారు.

నన్ను ఉపాయం అడిగావు. నాకు తెలిసిన ప్రచారమల్లా, కొట్టు గుమ్మంలో నిలబడి వీధి చివర దాకా వినపడేలా పిలవడమే. అది నీ వల్ల కాదు. నువ్వు అరిస్తే పక్కనున్న పిల్లి కూడా నిద్ర లేవదు.

పోస్టర్లు ఎవరు చూస్తారే? గోడ మీద ఉన్నది గోడలో కలిసిపోతుంది. చేతిలో పెడితే చదువుతారు. అదీ భయపెట్టి పెట్టాలి. గుర్తుందా, మన చిన్నప్పుడు ఇంటికి గొలుసు ఉత్తరం వచ్చింది? "ఇది పదకొండు మందికి రాసి పంపితే శుభం, పక్కన పడేస్తే అరిష్టం" అని. అమ్మ తలుపు గడియ పెట్టి మనిద్దర్నీ నేల మీద కూర్చోబెట్టి రాయించింది. నీ వంతు ఏడు, నా వంతు నాలుగు. నాకు చెయ్యి నొప్పి అని ఏడ్చాను. నొప్పి లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్ళకి చెబుతున్నాను, క్షమించు. ఆ వారంలో మన వీధి మొత్తం ఆ ఉత్తరం చదివింది. చదువు రానివాళ్ళు సైతం చదివించుకున్నారు.

మీ సభకి అలాంటిదొకటి పంచితే హాలు పట్టదు! హాస్యానికి అంటున్నాలే.

యూనిఫాం చొక్కాలు నలభై కుట్టాలి. నా పెద్ద కత్తెర ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. బావగారి మీద అరిచాను. ఆయన తియ్యలేదు, అయినా అరిచాను.

అక్క


అమ్మాయిల విశ్రాంతి గది
ఆగస్టు 20

అక్కకు,

నీ ఉపాయం చాలా మంచిది. ఇంతకాలం నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. దేవుడి ముందు కూర్చుని రెండు రోజులు ఆలోచించాను. మంచిపనికే కదా, ఎవరికీ చెడు జరగదు కదా అని నాకు నేను చెప్పుకుని, నిన్న పదకొండు చీటీలు రాశాను. ఏడు బెంచీల మీద పెట్టాను, మూడు అద్దం అంచున దోపాను, ఒకటి లైబ్రరీకి తిరిగి వెళ్ళే పుస్తకంలో పెట్టాను. ఎవరూ చూడలేదు. నన్నెవరూ చూడరు కదా, అది ఈ ఒక్క పనికీ కలిసొచ్చింది.

మన మిరపకాయకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని ఎందుకో అనిపించింది.

నీకు నకలు రాస్తున్నాను:

"ఈ చీటీ మీ చేతికి రావడం మీ అదృష్టం. సెప్టెంబరు 23, సోమవారం, పదకొండు గంటలకు పెద్ద హాల్లో వదంతులపై అవగాహన సభ. తప్పక రండి. ఈ చీటీని మీ చేత్తో పదకొండు మందికి రాసి ఇవ్వండి. అలా ఇచ్చిన ఒక అమ్మాయికి మూడోరోజున పోయిన గొడుగు దొరికింది. చించి పారేసిన ఒక అబ్బాయికి ఎక్కిళ్ళు పట్టుకుని రెండు రోజులు ఆగలేదు. తర్వాత తగ్గిపోయాయి."

ఆ ఎక్కిళ్ళ దగ్గరే నాకు చాలాసేపు పట్టిందక్కా. చిన్నప్పటి ఉత్తరంలో ఇల్లు కాలిందని, మనిషి మంచాన పడ్డాడని ఉండేది. అలాంటివి నా చేత్తో ఎలా రాస్తాను? ఎవరో కన్నబిడ్డ కదా. మొదట జలుబు అని రాశాను. వానాకాలం, నిజంగానే వస్తే పాపం అని కొట్టేశాను. ఎక్కిళ్ళయితే నీళ్ళు తాగితే పోతాయి. అప్పటికీ మనసొప్పక "తర్వాత తగ్గిపోయాయి" అని చేర్చాను.

ఆ గొడుగు అమ్మాయి ఎవరని మాత్రం అడగకు.

నీ చెల్లెలు


కుట్టు కొట్టు
ఆగస్టు 28

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వలేక సూది వేలికి గుచ్చుకున్నాను.

ఏమే, నీకు మతి ఉందా? వదంతులు నమ్మొద్దని చెప్పే సభకి జనాన్ని పిలవడానికి నువ్వే ఒక వదంతి పుట్టించావా? దొంగతనాలు ఆపడానికి దొంగని కాపలా పెట్టినట్టుంది! నేను హాస్యానికి అన్నానని స్పష్టంగా రాశాను. నీకు హాస్యం చెప్పడం నాదే బుద్ధి తక్కువ. చిన్నప్పుడు "నిన్ను చెత్తబండివాడి దగ్గర తెచ్చుకున్నాం" అంటే వాడికి దండం పెట్టి వచ్చిన దానివి నువ్వు.

పైగా ఎక్కిళ్ళా! "తర్వాత తగ్గిపోయాయి" అట! శాపం పెట్టి వెంటనే మందు కూడా ఇచ్చినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. ఇలాంటివాటికి ఎవరూ భయపడరు, నేనసలే నమ్మను. కాబట్టి ప్రమాదం లేదులే. అయినా పోయి ఆ చీటీలు తీసెయ్యి. పిల్లకి తెలిస్తే నీ పని అయిపోతుంది.

కత్తెర ఇంకా దొరకలేదు.

అక్క


అమ్మాయిల విశ్రాంతి గది
సెప్టెంబరు 12

అక్కకు,

మళ్ళీ మళ్ళీ కొట్టేస్తూ రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు.

నీ ఉత్తరం అందగానే చీటీలు తియ్యబోయాను. బెంచీల మీద ఒక్కటీ లేదు. అద్దం అంచున మాత్రం మూడుకి బదులు పంతొమ్మిది ఉన్నాయి. ఏదీ నా చేతిరాత కాదు.

ఇక అక్కడినుంచి ఏం చెప్పను! పాఠాలు జరుగుతుండగా అందరూ తలలు వంచుకుని రాస్తున్నారట. ఈ ఏడు పిల్లలు బాగా నోట్సు రాసుకుంటున్నారని చరిత్ర లెక్చరర్ గారు పొంగిపోయారు. ఎవరో "జిరాక్సు తీస్తే పనిచెయ్యదు" అని చేర్చారు. ఎవరో "ఎర్ర సిరాతో రాస్తే రెట్టింపు ఫలితం" అన్నారు. పక్క కొట్టులో ఎర్ర పెన్నులు అయిపోయాయి. గొడుగు దొరికిన అమ్మాయికి ఇప్పుడు గొడుగుతో పాటు ఉద్యోగం కూడా దొరికింది. గేటు తాత నా దగ్గరకొచ్చి, "అమ్మా, నాకు చదువు రాదు, పదకొండు రాసి పెడతావా?" అన్నాడు. నా చీటీని నా చేతే రాయించుకుందామని వచ్చాడక్కా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా మిరపకాయ మొదటి చీటీ చూసిన రోజున ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. అంతే. దాన్ని గురించి ఒక్క ముక్క అనలేదు. ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

సోమవారం ప్రిన్సిపాల్ గారికి కోపం వచ్చింది. లెక్చరర్లందర్నీ పిలిచి, "చదువుకున్నవాళ్ళుండే చోట ఇదేం పని!" అని ఒక చీటీ తీసి అందరి ముందూ పరపరా చించారు. చించి, కోపంలో గ్లాసెడు నీళ్ళు గటగటా తాగారు.

ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

నలభై ఐదు నిమిషాలు, అక్కా. నన్ను వేడినీళ్ళు తెమ్మని పరుగు పెట్టించారు. ఒకరు ముక్కు మూసుకోమన్నారు, ఒకరు పంచదార నమలమన్నారు. క్లర్కు గారు ఆయన్ని భయపెడితే తగ్గుతాయని వెనకనించి వెళ్ళి "సార్, తనిఖీవాళ్ళు వచ్చారు!" అని అరిచారు. ఎక్కిళ్ళు తగ్గలేదు కానీ ఆయన కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకున్నారు. కిటికీ బయట పిల్లలు గుంపు కట్టి లెక్కపెట్టారు. ఆ సాయంత్రానికి చీటీ రాయనివాడు కాలేజీలో లేడు.

ఎక్కిళ్ళు తగ్గాక ఆయన ఒకటే పట్టు పట్టారు. మొదటి చీటీ ఎవరిదో తేలాలి అని. లైబ్రరీ పుస్తకంలో పెట్టిన నా చీటీ దొరికింది. అందులో జిరాక్సు మాటా ఎర్ర సిరా మాటా లేవు కాబట్టి అదే మొదటిదన్నారు. దాన్ని మిరపకాయ రాసే విద్యార్థి సంఘం మినిట్సు పుస్తకం పక్కన పెట్టి చూశారు. అచ్చు గుద్దినట్టు ఒకే రాత.

దానికి అక్షరాలు దిద్దించింది నేనే కదా అక్కా! నాలాగే తలకట్లు సాగదీస్తుంది.

నేను గ్లాసులు తీసుకుపోవడానికి వెళ్ళిన సమయానికి అది ఆయన బల్ల ముందు నిలబడి ఉంది.

"సభకి జనం కోసం ఇంత పని చేస్తావా? అదీ నువ్వు?"

అది తల దించుకుంది.

"నేను రాయలేదని చెప్పు, వింటాను."

అది తల తిప్పి ఒక్కసారి నావైపు చూసింది. అంతే, దానికి మొదటిరోజు నుంచే తెలుసని నాకు అర్థమైంది. నన్ను బయటపెట్టకుండా నిలబడింది. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ప్రిన్సిపాల్ గారు "గ్లాసులు తీసుకెళ్ళమ్మా" అన్నారు. తీసుకుని వచ్చేశాను. ఒట్టి గ్లాసులు పట్టుకుని వచ్చేశాను.

ఇరవై మూడున సభలో అందరి ముందూ అది తప్పు ఒప్పుకుని పదవి వదులుకోవాలట. కండక్ట్ సర్టిఫికెట్ మీద కూడా రాస్తారట. అది ఉంటే టీచర్ ట్రైనింగు గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఇంట్లో అడిగితే "నువ్వు ఊరుకో అమ్మా, నీ ఉద్యోగం పోతే ఎలా?" అంటుంది. మా ఆయన లారీ మీద ఎక్కడో ఉన్నారు, ఆయనకి చెప్పలేదు.

అక్కా, నీకు దండం పెడతాను. నువ్వు ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి నా బదులు చెప్పవా? నీ గొంతు ఆయనకి వినపడుతుంది.

నీ చెల్లెలు


కుట్టు కొట్టు
సెప్టెంబరు 16

చెల్లీ,

ఫోన్ చెయ్యను.

కోప్పడకు, మొత్తం చదువు. బడిలో నీ పలక విరగ్గొట్టినవాడితో నేను పోట్లాడాను. నీ పెళ్ళిచూపుల్లో నీ బదులు నేను జవాబులు చెప్పాను, వాళ్ళు నన్నే పెళ్ళికూతురనుకున్నారు. ఆ విశ్రాంతి గది ఉద్యోగం కూడా నేనొచ్చి గట్టిగా అడిగితేనే ఇచ్చారు. యాభై ఏళ్ళొచ్చాయి నీకు. నీకు గొంతు లేదని అందరం అనుకున్నాం, ముఖ్యంగా నేను. ఈ ఉత్తరాలు చూశాక తెలిసింది, నేను నీకెప్పుడూ ఖాళీ ఇవ్వలేదని.

అదీకాక, నేను ఫోన్ చేస్తే ఏమవుతుంది? కార్యదర్శిని కాపాడటానికి పెద్దమ్మ కట్టుకథ చెప్పిందంటారు. రాసినదానివి నువ్వు, నువ్వే చెప్పాలి. వాళ్ళకి వినపడకపోతే రెండోసారి చెప్పు.

ఇంకొక మాట. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేనసలే నమ్మనని రాశాను చూడు, ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, పదకొండు చీటీలు రాశాను. మీ సభ తారీఖుతో సహా. ఎందుకైనా మంచిదని. చొక్కాలు తీసుకెళ్ళేవాళ్ళ సంచుల్లో ఒక్కొక్కటి వేశాను. ఇప్పుడు మా వీధిలో సగంమంది సోమవారం మీ కాలేజీకి రావడానికి బస్సు ఎన్ని గంటలకని అడుగుతున్నారు.

మూడోరోజున కత్తెర దొరికింది. నా కుర్చీ మెత్త కిందే ఉంది. నెలన్నర దాని మీదే కూర్చున్నాను. అది చీటీ మహిమ కాదు, నా ఒళ్ళు మహిమ అని బావగారు అంటున్నారు.

ధైర్యంగా వెళ్ళు. ఆరోజు పొద్దున్న ఏదైనా తిను.

అక్క


అమ్మాయిల విశ్రాంతి గది
సెప్టెంబరు 30

అక్కకు,

వారం రోజులు కలం పట్టడానికి తీరలేదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ముందు సభ సంగతి చెబుతాను.

ఆ రోజు పొద్దున్న ఏమీ తినలేకపోయాను. హాలుకి వెళ్ళి చూస్తే కుర్చీలు నిండి, మెట్లు నిండి, కిటికీల మీద కూడా కూర్చున్నారు. మీ వీధివాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. ఒకావిడ నీ దగ్గర కుట్టించిన నీలం గౌను వేసుకొచ్చింది, కుట్టు బట్టి పోల్చుకున్నాను. మైకు పెట్టే ఆయన జనాన్ని చూసి వేరే హాలుకి వచ్చానేమోనని బయటికెళ్ళి బోర్డు చదివి మళ్ళీ వచ్చాడు.

ప్రిన్సిపాల్ గారు లేచి, "ఈ చీటీ రాసినవారు ఇప్పుడు మీతో మాట్లాడతారు" అన్నారు. మిరపకాయ కుర్చీలోంచి లేచింది. దాని మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేను వెనక తలుపు దగ్గర నీళ్ళ జగ్గుతో ఉన్నాను. దేవుణ్ణి తలుచుకుని, ఉన్న నీళ్ళన్నీ నేనే తాగేసి, "నేను రాశాను" అన్నాను.

ఎవరికీ వినపడలేదు.

రెండోసారి అన్నాను. పక్కనున్న కుర్రాడు "జరగండి ఆంటీ, కనపడటం లేదు" అన్నాడు. దాంతో నడక మొదలుపెట్టాను. ఆ మధ్యదారి అంత పొడవుంటుందని, పదకొండేళ్ళుగా దాన్ని ఊడుస్తున్నా నాకు తెలియదు. మెట్లెక్కి మైకు ముందు నిలబడ్డాను. మైకు పెట్టే ఆయన నా సంగతి తెలిసినవాడు, మీట చివరికంటా తిప్పేశాడు.

"ఆ చీటీ రాసింది నేను" అన్నాను. నా గొంతు గోడలకి తగిలి నా మీదకే వచ్చింది. నాలుగు వైపుల నుంచి నేనే మాట్లాడుతుంటే భయమేసింది. కానీ ఆగలేదు. "ఈ పిల్ల నా కూతురు. దానికి రాత నేర్పింది నేను కాబట్టి రెండు రాతలూ ఒకటే. గొడుగు దొరికిన అమ్మాయి లేదు. ఎక్కిళ్ళు వచ్చిన అబ్బాయి లేడు. అన్నీ నేను కల్పించాను. అది అబద్ధం. నన్ను క్షమించండి."

మంచి జరిగింది, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది.

"లేదాంటీ, మీరు అబద్ధం చెబుతున్నారు! నా గొడుగు నిజంగానే దొరికింది!"

"నేను రాసిచ్చాక లెక్కల్లో పాసయ్యాను!" అన్నాడు ఇంకొకడు.

"చదివావు కాబట్టి పాసయ్యావు నాయనా" అన్నాను.

"నేను చదవలేదాంటీ!"

వెనకనించి ఎవరో "పాపం, ఆంటీ చేత బలవంతంగా చెప్పిస్తున్నారు!" అని అరిచారు. ఆ మాట నా కళ్ళముందే ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది. కిటికీల దాకా వెళ్ళేసరికి నా జీతం ఆపేశారని కూడా చేరింది. నీలం గౌను ఆవిడ "అన్యాయం!" అంటూ లేచి నిలబడింది.

"ప్రిన్సిపాల్ సార్‌కి ఎక్కిళ్ళు రాలేదా మరి?" అన్నారు ఎవరో. హాలు మొత్తం ఆయనవైపు తిరిగింది. ఆయన జవాబు చెబుదామని గొంతు సవరించుకున్నారు. ఐదారు వందల మంది ఒక్కసారిగా "హా!" అన్నారు. ఆయన కూర్చున్నారు.

నిజం చెబితే నమ్మడం లేదే అనుకున్నాను. అప్పుడు, ప్రిన్సిపాల్ గారు పిల్లల దగ్గర లాక్కుని బల్ల మీద పెట్టిన చీటీల కట్ట తీసుకుని, మైకు దగ్గరగా పెట్టి ఒకటి చించాను. ఆ చప్పుడు ఉరిమినట్టు వినపడింది. రెండోది చించాను. కట్టంతా చించాను.

"చూడండి. నాకు ఎక్కిళ్ళు రావు. ఐదు నిమిషాలు చూడండి" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. అక్కా, అంతమంది నా ఒక్కదాని గొంతుకేసి చూస్తూ ఐదు నిమిషాలు కూర్చున్నారు. నా జీవితంలో అంత నిశ్శబ్దంగా నన్నెవరూ వినలేదు, అదీ నేనేమీ మాట్లాడకుండా ఉన్నప్పుడు. మూడో నిమిషంలో నాకు దగ్గు వచ్చింది. ముందు వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. "దగ్గు, దగ్గు" అని మైకాయన అందరికీ చెయ్యూపి చెప్పాడు. కూర్చున్నారు.

ఐదు నిమిషాలయ్యాక గొడుగు అమ్మాయి అంది, "నా గొడుగు మా పిన్ని ఇంట్లో మర్చిపోయాను. ఆవిడే తెచ్చిచ్చింది." చిన్నగా అంది కానీ అందరికీ వినపడింది. ఎవరో నవ్వారు. ఇక హాలు హాలంతా పగలబడి నవ్వింది.

నవ్వులు తగ్గాక మిరపకాయ మైకు అందుకుంది. నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను.

"మా అమ్మ తప్పు చేసింది. నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. ఆ రాత మొదటిరోజే గుర్తుపట్టాను. అదే రోజు అందరికీ చెప్పాలి. చెప్పలేదు. అమ్మ కోసమే అనుకున్నాను, కానీ అది సగమే. హాలు నిండుతుందని ఆశపడ్డాను. నాకు లాభం ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. పోయినేడు పరీక్ష వాయిదా అని పంపినవాళ్ళు కూడా ఇలాగే అనుకుని ఉంటారు" అంది. అని ఏడ్చింది. అందరి ముందూ ఏడ్చింది, అక్కా. ఆ ఏడాది పోయిన స్నేహితురాలు వెళ్ళి పక్కన నిలబడింది.

ఆ తర్వాత ఎవరూ ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. పిల్లలే ఒక్కొక్కరూ లేచి, తాము ఏం నమ్మి ఏం పోగొట్టుకున్నారో చెప్పారు. భోజనం గంట కొట్టినా లేవలేదు. చరిత్ర లెక్చరర్ గారు కూడా లేచి, తాను ఎర్ర సిరాతో రాశానని ఒప్పుకున్నారు. చివరికి అందరూ జేబుల్లో చీటీలు తీసి చించి పారేశారు. ఆ కాగితాలన్నీ ఊడవడానికి చీపురు నేనే పట్టాననుకో.

ప్రిన్సిపాల్ గారు మర్నాడు పిలిచారు. నా ఉద్యోగం ఉంచారు. కానీ శిక్ష వేశారు. ఆ వారమంతా ప్రతి తరగతికీ వెళ్ళి, గొడుగు అమ్మాయిని ఎలా కల్పించానో, జలుబు ఎందుకు కొట్టేశానో నా నోటితో చెప్పాలి. అందుకే నీకు రాయడానికి తీరలేదు. ఇరవై రెండు తరగతులు, అక్కా! మొదటి తరగతిలో మొదటి బెంచీకి వినపడింది. చివరి తరగతిలో "కాస్త మెల్లగా ఆంటీ" అన్నారు.

మిరపకాయ పదవి దానికే ఉంది. కండక్ట్ సర్టిఫికెట్ మీద ఏమీ రాయలేదు. సిఫారసు ఉత్తరం మాత్రం వెంటనే ఇవ్వలేదు, ఈ వారం ఎలా జరుపుతావో చూస్తానన్నారు. మొన్న ఇచ్చారు. అందులో "ఈమె తప్పు చేసినప్పుడు, ఎవరూ అడగకముందే, తనకు నష్టమైనా చెప్పగలదు. టీచరుకు కావలసింది ఇదే" అని రాశారు. ఇది నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మొన్న ఆ ఉత్తరం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇంకెప్పుడూ నాకోసం అబద్ధం ఆడకు. నేను కూడా ఆడను" అంది. సరేనన్నాను. దేవుడి ముందు కూడా సరేనన్నాను.

అలా అన్నాక ఒక సంగతి దాచుకోవడం కష్టంగా ఉంది. దానికి చెప్పలేను, నీకే చెప్పాలి.

నాలుగో నిమిషంలో నాకు ఒక ఎక్కిలి వచ్చింది, అక్కా.

ఒక్కటే. మింగేశాను. నా ఎక్కిలి కూడా నా గొంతులాంటిదే కాబోలు, మైకుకి కూడా అందలేదు. పొద్దుటినుంచి ఏమీ తినకుండా జగ్గెడు నీళ్ళు తాగితే ఎవరికైనా వస్తుంది. అది చీటీ వల్ల కాదని నాకు బాగా తెలుసు. ఇరవై రెండు తరగతుల్లో చెప్పినదాన్ని నాకు తెలియదా? ఇంటికొచ్చాక కాగితం తీసి, పదకొండు గళ్ళు గీసి, కాసేపు చూసి, చింపేశాను. చింపాక మాత్రం పావుగంట కదలకుండా కూర్చున్నాను. ఏమీ రాలేదు.

నువ్వు ఈ కాగితాలు నీ పెట్టెలో దాచుకో, ఎందుకంటే నేను ఇన్ని మాటలు ఇంకెవరికీ చెప్పలేదు. కానీ ఎవరికీ చూపించకు, అక్కా. బావగారికి కూడా. ముఖ్యంగా ఆ నీలం గౌను ఆవిడకి. ఆవిడ చెవిన పడితే సోమవారానికి మా కాలేజీకి చేరుతుంది, ఇక్కడికి చేరేసరికి ఆ ఒక్కటీ ఎన్నవుతాయో దేవుడికే తెలుసు.

నీ చెల్లెలు